సగం జీతం ఎక్కడికి పోయింది: డబ్లిన్‌లో ఒక స్టాంప్ 2 విద్యార్థి కేసు

డబ్లిన్‌కు చదువుకోవడానికి వచ్చే మనవాళ్లు మొదటి చలికాలంలో పడే ఇబ్బందులు సాధారణంగా ఒక్కోటి ఒక్కోరి దగ్గర కనిపిస్తాయి. సలహా కోసం మా దగ్గరికి వచ్చిన ఈ విద్యార్థి కేసులో పన్ను, పని గంటలు, ప్రయాణాలు మూడూ ఒకేసారి ముడిపడ్డాయి. అందుకే రాసిపెడుతున్నాం. పేరు, ఊరు, కాలేజీ, పనిచేసిన చోటు తీసేశాం. రేట్లు, తేదీలు 2024-25 నాటివి. ఆ తర్వాత మారినవాటిలో ముఖ్యమైనవి చివర్లో ఇచ్చాం.

నేపథ్యం

వయసు 23. ఆంధ్రప్రదేశ్‌లో బీటెక్ ముగించి, ఏడాది ఎమ్మెస్సీ కోసం 2024 సెప్టెంబరు మొదట్లో డబ్లిన్‌లో దిగాడు. ఫీజుకు బ్యాంకు లోను తీసుకున్నాడు. వీసా కోసం ఖాతాలో చూపించిన 10,000 యూరోల్లో సగానికి పైగా మేనమామ సర్దినవి. క్రిస్మస్ నాటికి తిరిగి పంపిస్తానని మాటిచ్చి తెచ్చుకున్నాడు. ఈ సంగతి మొదటి రోజు చెప్పలేదు, రెండోసారి వచ్చినప్పుడు బయటపెట్టాడు. అతను పడ్డ తొందరంతా ఇక్కడి నుంచే వచ్చింది.

ఎయిర్‌పోర్టులో వేసే స్టాంపు 90 రోజుల్లోపు రిజిస్టర్ చేసుకోమని చెబుతుంది, అంతే. దాని మీద పని చేయకూడదు. ఈ విషయంలో అతను జాగ్రత్తగానే ఉన్నాడు. వచ్చిన వారంలోనే అపాయింట్‌మెంట్ పెట్టుకుని, అక్టోబరులో బర్గ్ కీ ఆఫీసుకు వెళ్లాడు. పాస్‌పోర్టు, కాలేజీ లేఖ, ప్రైవేటు ఆరోగ్య బీమా కాగితం చూపించి, 300 యూరోలు కట్టి రిజిస్టర్ అయ్యాడు. విద్యార్థులకు ఇచ్చే స్టాంప్ 2 అనుమతితో ఐఆర్‌పీ కార్డు (ఐర్లాండ్ నివాస అనుమతి కార్డు) పోస్టులో వచ్చింది. అక్టోబరు 21న ఒక చిన్న కిరాణా దుకాణంలో చేరాడు. వారానికి 20 గంటలు, గంటకు 12.70 యూరోలు. అప్పటి కనీస వేతనం అదే.

స్టాంప్ 2 మీద పని నియమం ఒక్క వాక్యమే అయినా చాలామంది తప్పుగా చదువుతారు. జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా, మళ్లీ డిసెంబరు 15 నుంచి జనవరి 15 దాకా వారానికి 40 గంటలు చేసుకోవచ్చు. మిగతా కాలమంతా 20 గంటలే. మన కాలేజీ సెలవులకూ దీనికీ సంబంధం లేదు. అక్టోబరు చివర్లో రీడింగ్ వీక్ (తరగతులు లేని వారం) వచ్చినా పరిమితి 20 గంటలే. రెండు చోట్ల పనిచేస్తే రెండూ కలిపి 20. స్వయం ఉపాధి ఏ నెలలోనూ కుదరదు.

ఏ సమస్యతో వచ్చాడు

నవంబరు మధ్యలో మూడు పేస్లిప్పులు పట్టుకుని వచ్చాడు. మూడింటిలోనూ ఒకే లెక్క. వారం జీతం 254 యూరోలు. ఆదాయపు పన్ను కింద 101.60, యూఎస్‌సీ (ఆదాయం మీద విడిగా పడే మరో పన్ను) కింద 20.32 కోత. చేతికి 132.08.

"అన్నా, గంటకు 12.70 అని చెప్పి ఆరున్నర చేతిలో పెడుతున్నాడు. మేనేజర్ మింగేస్తున్నాడు, ఎక్కడ కంప్లయింట్ ఇవ్వాలో చెప్పు" అన్నాడు.

మాట్లాడుతుంటే మిగతావి ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. జీతం చాలక రెండు వారాంతాలు ఒక టేక్‌అవే వంటింట్లో నగదుకు పనిచేశాడు. ఒక్కో వారాంతం 8 గంటలు, గంటకు 8 యూరోలు. మొదటి వారం 64 యూరోలు ఇచ్చారు, రెండోది ఇంకా ఇవ్వలేదు. దుకాణంలో 20, ఇక్కడ 8, మొత్తం 28 గంటలు. ఈలోగా రూమ్మేట్ స్నేహితుడొకడు ఫుడ్ డెలివరీ యాప్ అకౌంటు వారం అద్దెకు ఇస్తానన్నాడు. ఇవి చాలవన్నట్టు మూడు ప్రయాణాలు. బెల్‌ఫాస్ట్ సిటీ హాల్ దగ్గర క్రిస్మస్ మార్కెట్‌కు స్నేహితులతో ఒకరోజు బస్సు. డిసెంబరు మొదటి వారాంతంలో పారిస్, రద్దు చేసుకోవడానికి వీల్లేని టికెట్లు. డిసెంబరు 14న ఇంటికి వెళ్లి జనవరి 9న తిరిగొచ్చే టికెట్టు, అది కూడా కొనేశాడు.

అప్పటికే చేసినవి

మేనేజర్‌ను అడిగాడు. "నాకు తెలీదు, పేరోల్ బయటివాళ్లు చూస్తారు" అన్నాడట. ఆ జవాబు నిజమే. కోత వేసేది దుకాణం కాదు, రెవెన్యూ (ఐర్లాండ్ పన్ను శాఖ) నియమం. ఉద్యోగి పీపీఎస్ నంబరు (పన్నుకూ ప్రభుత్వ సేవలకూ వాడే వ్యక్తిగత గుర్తింపు సంఖ్య) ఇవ్వకపోతే యజమాని మొత్తం జీతం మీద 40 శాతం ఆదాయపు పన్ను, 8 శాతం యూఎస్‌సీ కోయాల్సిందే. దీన్నే ఎమర్జెన్సీ ట్యాక్స్ అంటారు. నంబరు ఇచ్చి, ఉద్యోగం మాత్రం రెవెన్యూలో నమోదు చేయకపోయినా ఎమర్జెన్సీ ట్యాక్సే పడుతుంది. కాకపోతే మొదటి నాలుగు వారాలు పరిమితి వరకు 20 శాతం, ఐదో వారం నుంచి 40 శాతం. 254లో 40 శాతం ఎంతో లెక్కేసి చూపించగానే మేనేజర్ మీద కోపం తగ్గింది. ఆ పది నిమిషాలు మాకు అవసరం. కోపం తగ్గకుండా పంపితే ఆ సాయంత్రమే ఉద్యోగం మానేసేవాడు. పీపీఎస్ నంబరుకు కావలసిన ఉద్యోగ రుజువూ దానితోపాటే పోయేది.

పీపీఎస్ నంబరుకు ఒకసారి ప్రభుత్వ వెబ్‌సైటు మైవెల్ఫేర్‌లో దరఖాస్తు చేశాడు. అది వెనక్కి వచ్చింది. కాలేజీ లేఖ ఒక్కటే జత చేశాడు. నంబరు ఎందుకు కావాలో చూపే కాగితం లేదు. చిరునామా రుజువుగా పెట్టిన కరెంటు బిల్లు వేరేవాళ్ల పేరున ఉంది. 'నేను విద్యార్థిని' అన్నంతమాత్రాన నంబరు ఇవ్వరు. ఏ లావాదేవీకి కావాలో కాగితం చూపాలి. ఉద్యోగమైతే యజమాని లేఖ కావాలి. దుకాణంలో లేఖ అడిగితే "కాంట్రాక్టు నెల తర్వాత ఇస్తాం" అన్నారు. అక్కడ ఆగిపోయాడు.

ముందు ఏది పట్టుకోవాలి

అతని దృష్టిలో మొదటి సమస్య పన్ను. మేం దాన్ని మూడో స్థానంలోకి జరిపాం. కారణం ఇది. ఎక్కువ కోసిన పన్ను నాలుగేళ్ల లోపు ఎప్పుడడిగినా వెనక్కి వస్తుంది. ఆలస్యమైతే ఇబ్బందేగాని నష్టం కాదు. వీసా లేకుండా సరిహద్దు దాటినా, అనుమతికి మించి పనిచేసినా వెనక్కి తీసుకోలేం. రేపు కార్డు రెన్యువల్‌కో, చదువయ్యాక ఉద్యోగం కోసం ఉండనిచ్చే స్టాంప్ 1జీ అనుమతికో వెళ్లినప్పుడు ఎదురొచ్చేవి అవే. అందుకని ఆ వారంలో జరగబోయే తిరిగిరాని పనులను ముందు ఆపి, తర్వాత కాగితాలు, ఆ తర్వాత డబ్బు అనుకున్నాం. బెల్‌ఫాస్ట్ బస్సు ఆ శనివారమే. కాబట్టి అక్కడి నుంచే మొదలైంది.

బెల్‌ఫాస్ట్

డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కు బస్సులో రెండు గంటల పైచిలుకు. దారిలో గేటు గాని, బోర్డు గాని, ఆపేవాళ్లు గాని ఉండరు. అందుకే 'ఐఆర్‌పీ చాలు' అన్న మాట పిల్లల్లో పాకిపోయింది. ఉత్తర ఐర్లాండ్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం. భారత పాస్‌పోర్టు మీద వెళ్లేవారికి యూకే వీసా ఉండాలి. సరిహద్దులో తనిఖీ లేకపోవడం వేరు, వెళ్లడానికి అనుమతి ఉండటం వేరు. భారతీయులకు బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం ఉందిగా అని అతను అడిగాడు. అది కొన్ని స్వల్పకాల వీసాలకు వర్తిస్తుంది. చదువుకు ఇచ్చే దీర్ఘకాల డీ వీసాకు వర్తించదు. పైగా తిరిగొచ్చేటప్పుడు గార్డా (ఐరిష్ పోలీసు) అధికారులు బస్సు ఎక్కి కాగితాలు చూసే రోజులూ ఉంటాయి.

ఇక్కడే ఇంకో మాట చెప్పాం. చాలామందికి ఇది తెలియదు. డొనెగాల్ కౌంటీ ఐర్లాండ్ రిపబ్లిక్‌దే. కాని డబ్లిన్ నుంచి లెటర్‌కెన్నీ వెళ్లే నేరు బస్సు ఒమా, స్ట్రాబేన్ మీదుగా, అంటే ఉత్తర ఐర్లాండ్ గుండా పోతుంది. డొనెగాల్ చూడాలంటే స్లైగో దాకా వెళ్లి, అక్కడి నుంచి బండోరన్, బాలీషానన్ దారి పట్టాలి. పర్యాటకులు వెళ్లే జెయింట్స్ కాజ్‌వే మాత్రం ఉత్తర ఐర్లాండ్‌లో ఉన్నదే, దానికి చుట్టుదారి లేదు. ఆ శనివారం అతను బస్సెక్కలేదు. స్నేహితులు వెళ్లొచ్చారు, ఎవరూ ఆపలేదు. మేం చెప్పిన మాట మీద నమ్మకం అప్పుడు కొంచెం సన్నగిల్లింది. అది సహజం. ఇలాంటి సలహా ఫలించినప్పుడు కంటికి కనబడేది ఏమీ ఉండదు.

గంటలు

టేక్‌అవే పని వెంటనే మానేయమన్నాం. అయిపోయిన 16 గంటలను చెరపలేం. కొత్తవి చేరకుండా చూడటమే చేతిలో ఉన్నది. రావాల్సిన 64 యూరోల కోసం, కనీస వేతనానికి తగ్గిన మొత్తం కోసం ఉద్యోగ వివాదాలు చూసే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేసే హక్కు ఉంది. గడువు ఆరు నెలలు. ఫిర్యాదు చేస్తే 20 గంటలు దాటిన సంగతి కూడా రాతపూర్వకంగా నమోదవుతుందని, వేసేముందు ఇమిగ్రేషన్ చట్టం తెలిసిన న్యాయవాదితో మాట్లాడమని చెప్పాం. అతను ఫిర్యాదు వద్దనుకున్నాడు. మొదటి వారం అందిన 64 యూరోలను మాత్రం ఏడాది చివరి పన్ను రిటర్నులో చూపించమన్నాం, చూపించాడు.

డెలివరీ అకౌంటు గురించి వాదన ఎక్కువసేపే నడిచింది. "అందరూ చేస్తున్నారు" అన్నదానికి నీతి చెబితే పనిచేయదు. లెక్క చెప్పాం. ఆ పని స్వయం ఉపాధి కిందికి వస్తుంది, స్టాంప్ 2 మీద గంటసేపు కూడా కుదరదు. సంపాదన అకౌంటు యజమాని బ్యాంకులో పడుతుంది. అతను ఇస్తే ఇస్తాడు, ఎగ్గొడితే అడగడానికి కాగితం లేదు. సైకిల్ మీంచి పడితే ప్రమాద బీమా వేరేవాడి పేరున ఉంటుంది. అద్దె మాత్రం వాన పడినా, జ్వరమొచ్చినా వారం వారం కట్టాలి. మూడో మాట దగ్గర ఆగి ఆలోచించాడు.

దుకాణంలోనూ ఒక చిక్కు ఉంది. ఒక వారం మేనేజర్ రోస్టర్‌లో 24 గంటలు వేసి, "వచ్చే వారం 16 వేస్తాలే, సరిపోతుంది" అన్నాడు. సరిపోదు. రెండు వారాల సగటు చూడరు, ప్రతి వారం విడిగా లెక్కే. చాలామంది యజమానులకు ఈ సంగతి నిజంగానే తెలియదు. అందుకని మేనేజర్‌కు ఒక చిన్న మెసేజ్ రాయించాం: నా అనుమతి ప్రకారం వారానికి 20 గంటలు మించకూడదు, డిసెంబరు 15 నుంచి జనవరి 15 వరకు 40 గంటలు చేయగలను, క్రిస్మస్ రోస్టర్‌లో ఎక్కువ షిఫ్టులు ఇవ్వగలిగితే సంతోషం. రెండో భాగం కావాలనే చేర్పించాం. 'ఎక్కువ చేయలేను' అని మాత్రమే చెబితే మేనేజర్‌కు భారం. క్రిస్మస్ రద్దీలో పూర్తి వారం చేయగలనంటే అతనికి అవసరం. ఆ వారం రోస్టర్ అదే రోజు 20కి తగ్గింది.

వారాన్ని సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్కేసుకోమన్నాం, దుకాణం జీతం లెక్క కూడా అదే కాబట్టి. 2024లో డిసెంబరు 15 ఆదివారం పడింది. ఆ ఒక్కరోజు కోసం వాదన పెట్టుకోకుండా ఆ వారం 20 గంటలకే ఉంచి, 16వ తేదీ నుంచి 40 గంటలు మొదలుపెట్టించాం.

పీపీఎస్ నంబరు నుంచి పన్ను దాకా

కాంట్రాక్టు నెల తర్వాత అన్న దుకాణం మాట చట్టానికి నిలవదు. చేరిన అయిదు రోజుల్లోపు జీతం, గంటలు, పనిచోటు వంటి ముఖ్యమైన షరతులు రాసి ఇవ్వాలి. ఆ కాగితమే పీపీఎస్‌కు ఉద్యోగ రుజువు అవుతుంది. మేనేజర్‌తో చట్టం మాట్లాడమని మేం చెప్పలేదు. రాయాల్సిన నాలుగు వాక్యాలు తయారుచేసి, దుకాణం లెటర్‌హెడ్ మీద సంతకం అడగమన్నాం. అందులో విద్యార్థి పూర్తి పేరు, చేరిన తేదీ, వారం గంటలు, పీపీఎస్ నంబరు అవసరమన్న మాట, యజమాని రిజిస్ట్రేషన్ నంబరు, ఫోను నంబరు ఉన్నాయి. మర్నాడే సంతకం అయింది. ఖాళీ కాగితం ముందు కూర్చుని రాయమంటే ఆ పని వారాల తరబడి సాగేది.

చిరునామాకు కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో ఆ హౌస్‌మేట్ చేత, 'ఇతను ఇక్కడే ఉంటున్నాడు' అని బిల్లు మీదే రాయించి సంతకం పెట్టించాం. పాస్‌పోర్టు, ఐఆర్‌పీ కార్డు, లేఖ, బిల్లు కలిపి మళ్లీ దరఖాస్తు. ఈసారి అపాయింట్‌మెంట్ వచ్చింది. నవంబరు ఆఖరున పోస్టులో నంబరు అందింది.

తర్వాత రెవెన్యూ ఆన్‌లైన్ ఖాతా, మైఅకౌంట్. మొదటిసారి రిజిస్ట్రేషన్ తిరస్కరించింది. మనవాళ్ల పేర్ల తంటానే ఇది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మిగతా పేరంతా మరో గడిలో ఉంటుంది. కాలేజీ కార్డు మీద అదే పేరు తిరగబడింది, దుకాణంలో పిలుపు పేరు ఎక్కించారు. పీపీఎస్ లేఖ మీద ఏ వరుసలో, ఏ స్పెల్లింగుతో ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఎక్కించాక రిజిస్టర్ అయింది. దుకాణం పేరోల్‌లోనూ పేరును అలాగే మార్పించాం.

మైఅకౌంట్‌లో 'జాబ్స్ అండ్ పెన్షన్స్' తెరిచి యజమాని రిజిస్ట్రేషన్ నంబరు, చేరిన తేదీ, జీతం వారానికా నెలకా అన్నది ఇచ్చాడు. అప్పుడు రెవెన్యూ ఆ ఉద్యోగికి ఆర్‌పీఎన్ అనే పేరోల్ నోటీసు తయారుచేస్తుంది. యజమాని సాఫ్ట్‌వేర్ దాన్ని తెచ్చుకుని అందులో ఉన్నట్టు కోస్తుంది. ఇక్కడ ఆలస్యం జరిగే చోటు ఒకటుంది. పేరోల్ నడిపేవారు కొత్త ఆర్‌పీఎన్ తెచ్చుకోకుండానే ఆ వారం జీతం నడిపేస్తే మళ్లీ ఎమర్జెన్సీ కోతే. అందుకని నమోదైన రోజే పేరోల్ వాళ్లకు పీపీఎస్ నంబరు ఇచ్చి, 'ఈ వారం జీతానికి ముందు ఆర్‌పీఎన్ తీసుకోండి' అని మెయిల్ పెట్టించాం.

డిసెంబరు మొదటి వారం నుంచి కోత దాదాపు మాయమైంది. కట్టాల్సిన పన్నులోంచి తగ్గించే మొత్తాన్ని క్రెడిట్ అంటారు. ఆ ఏడాది వ్యక్తిగత క్రెడిట్ 1,875, ఉద్యోగి క్రెడిట్ 1,875, కలిపి వారానికి 72 యూరోల పైన. 254 మీద 20 శాతం అంటే 50.80, అది క్రెడిట్లలోనే తీరిపోయింది. యూఎస్‌సీ రెండు యూరోలలోపు. వారానికి 352 యూరోలు దాటని ఉద్యోగికి పీఆర్‌ఎస్‌ఐ (సామాజిక బీమా చందా) పడదు.

పాత ఆరు వారాల కోత 731.52 యూరోలు మాత్రం రాలేదు. ఆర్‌పీఎన్ 'వీక్ 1' పద్ధతిలో వచ్చింది. అంటే ఏ వారం లెక్క ఆ వారానికే, వెనకటి క్రెడిట్లు కలపరు. 'క్యుములేటివ్' పద్ధతిలో వచ్చి ఉంటే దుకాణం జీతంలోనే వెనక్కి పడేది. ఇక్కడ రెండు దారులున్నాయి. రెవెన్యూకు మెసేజ్ పెట్టి పద్ధతి మార్చమని అడగడం ఒకటి. జనవరి వచ్చాక 2024కు పన్ను రిటర్ను వేయడం రెండోది. రెండోది ఎంచుకున్నాం. డిసెంబరులో మిగిలిన పేరోల్‌లు కొన్నే, మార్పు వాటిలోకి అందుతుందన్న భరోసా లేదు. అంతకన్నా పెద్ద కారణం, ఏడాది మొత్తం ఆదాయం 13,000 యూరోలు దాటకపోతే యూఎస్‌సీ అసలే లేదు. రిటర్నుతో అదీ పూర్తిగా వెనక్కి వస్తుంది.

రిటర్నులో ఒక ప్రశ్న దగ్గర చాలామంది తప్పు టిక్కు పెడతారు. సెప్టెంబరులో వచ్చినవాడు ఆ ఏడాది 183 రోజులు ఐర్లాండ్‌లో ఉండడు కాబట్టి పన్ను లెక్కలో రెసిడెంట్ కాడు. అయితే మరుసటి ఏడాది ఉండబోతున్నాడు గనక, వచ్చిన ఏడాదికే రెసిడెంట్‌గా ఉండాలని ఎంచుకునే వీలు చట్టంలో ఉంది. అతనికి క్రెడిట్లు పూర్తిగా దక్కే దారి అది. అలాగే ఎంచుకున్నాడు.

ఇల్లు, పారిస్

పారిస్ టికెట్ల డబ్బు పోయింది. ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో ఐర్లాండ్ లేదు. ఐఆర్‌పీ కార్డుతో ఫ్రాన్స్‌లో దిగనివ్వరు, డబ్లిన్‌లో విమానమే ఎక్కనివ్వరు. నవంబరులో వీసా అపాయింట్‌మెంట్‌కు ప్రయత్నించాడు, ప్రయాణానికి ముందు దొరకలేదు. దొరికినా వేలిముద్రలు ఇచ్చాక నిర్ణయానికి పదిహేను రోజులు పట్టవచ్చు. ఆ వాయిదా వల్ల ఒక లాభం ఉందని చూపించాం. నగదు పనితో ఖాతా నింపుకున్నవాడి కంటే, మూడు నెలల సరైన పేస్లిప్పులు, వాటికి సరిపోయే బ్యాంకు జమలు ఉన్నవాడి దరఖాస్తు బలంగా ఉంటుంది. ఈస్టర్ సెలవులకు వెళ్లేలా ఫిబ్రవరిలో దరఖాస్తు చేయించాం. 90 యూరోల ఫీజు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, కాలేజీ లేఖ, పేస్లిప్పులు, రద్దు చేసుకోగల హోటల్ బుకింగ్. వీసా రాకముందు టికెట్టు కొనలేదు.

ఇంటి ప్రయాణం అసలు చర్చ. డిసెంబరు 14 నుంచి జనవరి 9 దాకా ఊళ్లో ఉంటే 40 గంటలు చేసుకోగల నెల దాదాపు అంతా పోతుంది. వారానికి 508 యూరోలు, దానిలో పీఆర్‌ఎస్‌ఐ 20.83, 'వీక్ 1' లెక్కన పన్ను, యూఎస్‌సీ కలిపి మరో 36 దాకా. పన్ను, యూఎస్‌సీ జనవరిలో తిరిగొస్తాయి, పీఆర్‌ఎస్‌ఐ రాదు. జనవరి 1 నుంచి కనీస వేతనం 13.50కి పెరగబోతోంది. డిసెంబరు 25, 26, జనవరి 1 ప్రభుత్వ సెలవులు. ముందు అయిదు వారాల్లో 40 గంటలు చేసిన పార్ట్‌టైమ్ ఉద్యోగికీ వాటి హక్కు ఉంటుంది. ఇవన్నీ ఒకవైపు పెట్టి, టికెట్టు తేదీ మార్చే ఖర్చు మరోవైపు పెట్టాం. మారిస్తే మిగులుతుందని లెక్క తేలినా, వెళ్లొద్దని మేం చెప్పలేదు. అమ్మకు క్రిస్మస్‌తో పనేముంది, సంక్రాంతికి కొడుకు ఇంట్లో ఉండాలి అన్న మాట అతనే అన్నాడు. రెండో సెమిస్టరు జనవరి 20న మొదలు. టికెట్టును జనవరి 7 నుంచి 18కి మార్పించుకున్నాడు. మూడు పూర్తి వారాల పని దక్కింది, భోగి నాటికి ఊళ్లో ఉన్నాడు.

వెళ్లేముందు చూసుకోమన్నవి రెండే. పాస్‌పోర్టులోని వీసా ఒక్క ప్రవేశానికే, అది సెప్టెంబరులోనే వాడేసింది. తిరిగి రావడానికి ఐఆర్‌పీ కార్డే ఆధారం. పెద్దవాళ్లకు విడిగా రీఎంట్రీ వీసా 2019 నుంచి అక్కర్లేదు. అందుకే కార్డును చెక్‌ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు. హైదరాబాద్‌లో చెక్‌ఇన్ దగ్గర ముందు అడిగేది అదే. ఊళ్లో పోతే మళ్లీ ఐరిష్ వీసా అడగాల్సి వస్తుంది. కాలేజీ హాజరు లేఖ కూడా వెంట ఉంచుకోమన్నాం.

ఏమైంది

జనవరి ఆఖరులో రిటర్ను వేశాడు. డిసెంబరు 40 గంటల వారాల్లో కోసిన కొద్దిపాటి పన్ను, యూఎస్‌సీ కలిపి సుమారు 800 యూరోలు ఖాతాలో పడ్డాయి. మేనమామకు ఇవ్వాల్సిన దాంట్లో మొదటి వాయిదా డిసెంబరు జీతాల నుంచి, రెండోది ఈ డబ్బు నుంచి వెళ్లింది. గడువు దాటింది గాని, రిటర్ను తాలూకు కాగితం చూపించి మాట్లాడటంతో ఇంట్లో గొడవ కాలేదు. టేక్‌అవే 64 యూరోలు రాలేదు. షెంగెన్ వీసా వచ్చింది, ఏప్రిల్‌లో వెళ్లొచ్చాడు. సెమిస్టరు మధ్యలో దుకాణం మరో రెండుసార్లు 20 దాటించబోయింది. రెండుసార్లూ పాత మెసేజ్‌నే మళ్లీ పంపాడు.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

పేస్లిప్పు సమస్యతో వచ్చిన ప్రతివారినీ ఇప్పుడు మూడు అడుగుతున్నాం. ఇంకెక్కడైనా పని చేస్తున్నావా? వచ్చే రెండు నెలల్లో దేశం దాటే టికెట్టు ఏదైనా ఉందా? ఎవరికైనా, ఎప్పటికైనా తీర్చాల్సిన అప్పుందా? పన్ను ఫిర్యాదు వెనక ఈ మూడింటిలో ఏదో ఒకటి తరచుగా ఉంటుంది. 'టాక్స్ ఎక్కువ' అన్న మాటకు మాత్రమే జవాబు చెప్పి పంపిస్తే మనిషి ఆ సాయంత్రం డెలివరీ బ్యాగు వేసుకుంటాడు.

యజమాని లేఖ నమూనా, రోస్టర్ మెసేజ్ నమూనా సిద్ధంగా పెట్టుకున్నాం. ఉద్యోగం ఖాయమైన రోజే లేఖ అడిగి పీపీఎస్‌కు దరఖాస్తు చేస్తే, మొదటి జీతాల మీద పడే ఎమర్జెన్సీ కోత చాలావరకు తగ్గుతుంది. రెండో ఉద్యోగం పట్టేవారు మరొకటి గమనించాలి. క్రెడిట్లన్నీ మొదటి ఉద్యోగానికే కేటాయించి ఉంటాయి, మైఅకౌంట్‌లో పంచుకోకపోతే రెండో చోట మొదటి యూరో నుంచే 20 శాతం కోస్తారు. అది ఎమర్జెన్సీ ట్యాక్స్ కాదు గాని, చూడటానికి అలాగే కనిపించి కంగారు పెడుతుంది.

మారిన అంకెలు: 2025 నుంచి రెండు క్రెడిట్లూ ఒక్కోటి 2,000 యూరోలు. కనీస వేతనం 2026 జనవరి 1 నుంచి గంటకు 14.15. అంటే 20 గంటల వారానికి 283 యూరోలు. పీపీఎస్ లేకుండా నడిస్తే అందులోంచి పోయేది 135.84. లెవెల్ 9 (మాస్టర్స్ స్థాయి) కోర్సు పూర్తిచేసినవారు ఫలితాలు అందిన ఆరు నెలల్లోపు, స్టాంప్ 2 చెల్లుబాటులో ఉండగానే స్టాంప్ 1జీకి దరఖాస్తు చేయాలి. ముందు 12 నెలలు, రెన్యువల్‌తో మరో 12 నెలలు ఇస్తారు. అది చేతికి వచ్చేదాకా, థీసిస్ ఇచ్చేసినా సరే, అక్టోబరు 1 నుంచి మళ్లీ 20 గంటలే.